అచ్చుకు పెట్టిన బొట్టు

కొన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఒక కుంకుమ బొట్టంత. తూచబోతే మా ల్యాబులో ఉన్న సన్నపు కాటా కూడా కదలదు. అయినా మోస్తున్నాను. గాజువాక బస్సులో నిలబడి మోస్తున్నాను. మధురవాడలో మా అపార్టుమెంటు మెట్లెక్కుతూ, ఇంట్లో పోపుల డబ్బా మూత తీస్తూ కూడా మోస్తున్నాను. ఇవాళ మీ ముందు దించేస్తాను. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పడం సులువు.

ముందు నా పని సంగతి. ప్లాస్టిక్ వస్తువుల మీద వచ్చే మచ్చలకు కారణం కనుక్కోవడం నా ఉద్యోగం. కరిగిన ప్లాస్టిక్‌ను ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపితే వస్తువు తయారవుతుంది. ఆ అచ్చును మేం మోల్డ్ అంటాం. వస్తువు మీద వెండి చారలు వస్తే కరిగించే ప్లాస్టిక్ గుళికలకు తేమ తగిలిందని అర్థం. మా సముద్రపు గాలికి అది మామూలే. అంచు నల్లగా కాలితే లోపలి గాలికి బయటకు దారి దొరకలేదని. గుంట పడితే ఒత్తిడి చాలలేదని. మచ్చ పూటకో చోట కనిపిస్తే తప్పు ప్లాస్టిక్‌దో, యంత్రానిదో. ప్రతి వస్తువు మీదా ఒకే చోట వస్తే మాత్రం తప్పు మోల్డ్‌లో ఉంది. ఈ చివరి వాక్యం గుర్తుంచుకోండి. నాకది చదువుకునే రోజుల నుంచీ నోటికి వచ్చు.

మా చిన్న ఫ్యాక్టరీలో ఆయుధపూజ ఘనంగా చేస్తారు. యంత్రాలన్నీ తుడిచి, బంతిపూల దండలు వేసి, పసుపు రాసి బొట్లు పెడతారు. నేను చేరిన మొదటి ఏడు కుంకుమ పళ్ళెం నా ముందుకూ వచ్చింది. నేను ముట్టుకోలేదు. యంత్రానికి కావలసింది గ్రీజు గాని కుంకుమ కాదని చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఎవరూ నొచ్చుకోలేదు. నాకు గ్రీజు బాబు అని పేరు పెట్టి, పులిహోర రెండోసారి కూడా వడ్డించారు. ఆ పేరు నాకు నచ్చింది. అదే ఇబ్బంది అయింది.

మరుసటి ఏడు మొదటిసారిగా ఒక మోల్డ్ బాధ్యత పూర్తిగా నాకు ఇచ్చారు. పోపుల డబ్బా మూత. గాజు మూతలా లోపలి ఆవాలూ జీలకర్రా కనబడాలి. అలా రావాలంటే మోల్డ్ ఉక్కు అద్దంలా ఉండాలి. దాన్ని అద్దం చేసింది సింహాచలం, మా పాలిష్ మేస్త్రి. అన్నదమ్ములంతా సముద్రం మీద వేటకు వెళ్తారు, ఇతనొక్కడే ఉక్కు పట్టుకున్నాడు. గొప్పలకు లోటు లేదు. తన పాలిష్‌లో ముఖం చూసుకుని గడ్డం గీసుకోవచ్చనేవాడు. నిజంగానే ఒకసారి మోల్డ్ ముందు కూర్చుని మీసం కత్తిరించుకుంటూ మేనేజరుకు దొరికాడు. పని ముగిశాక మాత్రం మాటలుండవు. కళ్ళు మూసుకుని, బొటనవేలితో ఆ ఉక్కును ఒక్కసారి నిమిరేవాడు. అది అతని సంతకం.

పండగ సెలవుల తర్వాత ట్రయల్. కొనేవాళ్ళు కూడా వచ్చి చూస్తామన్నారు. నాకు భయం పట్టుకుంది. దేనికి? లెక్కలన్నీ సరిచూసుకున్నాను. అయినా లెక్కకు అందనిదేదో మిగిలిపోయిందనిపించింది. పూజ అయ్యాక అందరూ గుమ్మడికాయ కొట్టడానికి గేటు దగ్గరికి వెళ్ళారు. పళ్ళెం యంత్రం పక్కనే ఉంది. బయట పెడితే అందరికీ కనబడుతుంది, గ్రీజు బాబు పరువు పోతుంది. అందుకని మోల్డ్ లోపల పెట్టాను. తడి కుంకుమ, ఉంగరపు వేలితో, ఆ అద్దం నడుమకు కాస్త పైన, మనిషికైతే నుదురు ఉండే చోట. సెలవులకు ముందు లోపల తుప్పు పట్టకుండా నూనె చల్లి మూయాలి. ఆ నియమం రాసి గోడకు అంటించింది నేనే. చల్లితే బొట్టు కారిపోతుంది. చల్లలేదు. మూసేశాను.

చూశారా? నమ్మకం ఉన్నవాళ్ళంతా పెయింటు వేసిన రేకుల మీద పెట్టారు, వాళ్ళ బొట్లు ఏ యంత్రాన్నీ ఏమీ చెయ్యలేదు. నమ్మకం లేదన్న నేనొక్కణ్ణే పెట్టకూడని చోట పెట్టాను.

సెలవులయ్యాక అందరికంటే ముందు వచ్చి తుడిచాను. కుంకుమ పోయింది. మచ్చ మిగిలింది. కుంకుమలో పటిక ఉంటుంది, నిమ్మ పులుపు ఉంటుంది, దానికి మా ఊరి తేమ తోడయింది. మొదటి మూత తళతళలాడుతూ, నుదుట మసక బొట్టుతో బయటికొచ్చింది. రెండోదీ అంతే.

అప్పుడే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. వెతికాను. నాకు తెలిసినదాన్నే ఎంతో శ్రద్ధగా వెతికాను. గుళికలు మళ్ళీ ఆరబెట్టించాను. వేడి పెంచాను, తగ్గించాను. ఒత్తిడి మార్చాను. మార్పుకో మూత చొప్పున బల్ల మీద పేర్చాను. పేరంటానికి వచ్చి కూర్చున్నట్టు బల్ల నిండా బొట్టు పెట్టుకున్న మూతలు. నా పట్టుదల చూసి మేనేజరు టీ తెప్పించారు. సిగ్గుపడుతూనే తాగాను. టీ బాగుంది.

సాయంత్రానికి మోల్డ్ తెరిచి లోపల చూడక తప్పలేదు. సింహాచలాన్ని పిలిచారు. చుట్టరికం లేకపోయినా మేం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం.

"బావా, పాలిష్ అయ్యాక ఒట్టి చేత్తో ముట్టుకున్నావా?" అన్నాను.

"ముట్టుకోకపోతే నున్నగయిందో లేదో ఎలగ తెలుత్తాది? బొటనేలుతో ఓసారి రాసి సూత్తాను. నాను ఎప్పుడూ సేసేదే గదేటి!"

"చెమటలో ఉప్పుంటుంది బావా. కొందరి చెమట ఉక్కును తినేస్తుంది. నీది అలాంటిదేమో."

అతను బొటనవేలు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసుకున్నాడు. "ఇన్నాల్లూ లేంది ఇప్పుడొచ్చిందేటి?"

పక్కనున్న ఆపరేటరు అందుకున్నాడు. "సముద్రంలో పుట్టినోడివి మావా. నీ ఒంట్లో ఉప్పు కాక పంచదారుంటాదేటి?"

"అద్గదీ!" అని అందరికంటే ముందు సింహాచలమే నవ్వాడు. "అయితే మా ఇంట్లో కూరకి ఉప్పు కొనక్కర్నేదు. నా సెయ్యి ముంచితే సాలు."

అందరం నవ్వాం. నేను కూడా.

చెమట ఉక్కును తింటుందన్నది అబద్ధం కాదు. అదే నా నేర్పు. ఒక నిజం తెచ్చి అబద్ధానికి మూత పెట్టాను. అతని పుట్టుక మీద ఆ వేళాకోళం లేచినప్పుడు ఆపకపోగా, అది నాకు సాక్ష్యంలా పనికొచ్చిందని లోపల సంతోషించాను. బొట్టు కంటే ఇది పెద్ద తప్పు కాదా? అవును. రాస్తుంటే ఇప్పుడు ఇంకా పెద్దదిగా కనిపిస్తోంది.

సింహాచలం ఆ మచ్చను రుద్ది రుద్ది తీసేశాడు. మూతలు బాగా వచ్చాయి, కొనేవాళ్ళు మెచ్చుకున్నారు. ఎవరి ఉద్యోగమూ పోలేదు. మరి బాధేమిటని నన్ను నేను చాలాసార్లు అడిగాను. జవాబు రోజూ నా ముందే తిరుగుతోంది. సింహాచలం ఇప్పుడు చేతొడుగులు లేకుండా ఉక్కు ముట్టుకోడు. అద్దం పాలిష్ తనకొద్దని మేనేజరుతో చెప్పేశాడు. ఆ మోల్డులు పాలిష్ కోసం బయటికి వెళ్తున్నాయి. అతను బకెట్లవీ మగ్గులవీ గరుకు మోల్డులు చేస్తున్నాడు. గడ్డం గీసుకునే మాట మళ్ళీ అతని నోట వినలేదు. ఒక సోమవారం నా దగ్గరికి వచ్చి, "బావా, నిన్నంతా స్టీలు గలాసు సేత్తో అట్టుకు కూకున్నాను. ఏటీ అవ్వలేదు. గలాసు మంచిదనుకుంటాను," అన్నాడు. తన చెయ్యి మంచిదేమోనని అతనికి తోచలేదు. అది తోచకుండా చేసింది నేను.

చేతొడుగులు వేసుకోవడం మంచి అలవాటే కదా, ఆ రకంగా మేలే చేశాను కదా అని నాకొక సాకు ఉండేది. చాలా ముద్దొచ్చే సాకు. దాన్ని ఇవాళ వదిలేస్తున్నాను.

ఈ ఏడు ఆయుధపూజకు పళ్ళెం వచ్చినప్పుడు, అందరి ఎదురుగా, యంత్రం తలుపు రేకు మీద బొట్టు పెట్టాను. షెడ్డంతా గోల. "ఏటి గ్రీజు బాబూ, గ్రీజు అయిపోనాదేటి?" అని సింహాచలమే పెద్దగా అరిచాడు. అందరితో పాటు అతనూ చప్పట్లు కొట్టాడు. చేతొడుగుల చప్పట్లు, మెత్తగా, చప్పుడు లేకుండా. అప్పుడే చెప్పాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా. ఎవరో అందులో లడ్డూ పెట్టారు.

లడ్డూ నమిలాక కూడా చెప్పొచ్చు. చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను. రాసినందుకు క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీ వేలు కాదు కదా అది. ఈ కాగితం సింహాచలం చేతికి ఇస్తాను. నవ్వుతాడో, నా మీద పాలిష్ రాయి విసురుతాడో తెలియదు. బొటనవేలు మళ్ళీ ఉక్కు మీద పెడతాడో లేదో అసలే తెలియదు. అయినా రాస్తూంటే బస్సులో సీటు దొరికినంత హాయిగా ఉంది.

ఒకటి మిగిలిపోయింది. బావా, ఇది నీకు. నువ్వు ఆ మచ్చ తీసేసే ముందు నేను దాన్ని కొలిచాను. ఏ మచ్చనైనా కొలవకుండా ఉండలేను, నీకు తెలుసు. నీ బొటనవేలికి అది బాగా చిన్నది. సరిగ్గా నా కుడిచేతి ఉంగరపు వేలంత ఉంది.