కడప బండకు చింతపండు

పెళ్ళయి గుడివాడ కాపురానికొచ్చిన రెండో ఏడు, మావారు మా వంటింట్లో నడుమెత్తు గట్టు కట్టించి, దానిమీద నల్లటి కడప బండ వేయించారు. మా వీధిలో ఆడవాళ్ళందరూ నేలమీద కూర్చుని వండుకునే రోజులవి. నేను మాత్రం కిరసనాయిలు స్టవ్వు గట్టుమీద పెట్టుకుని, నిలబడి, దొరసానిలా పులుసు కలిపేదాన్ని. రోజంతా ఆ బండని తుడవడమే పని. ముందు తడిగుడ్డ, ఆ తరవాత పొడిగుడ్డ. పాలు పొంగితే పాల సంగతి తరవాత, ముందు బండ! నా మొహం కనిపించేదాకా తుడిచి, అందులో చూసుకునే బొట్టు దిద్దుకునేదాన్ని. వంకరగానే వచ్చేదనుకోండి, అయినా సరే.

ఇంతలో దివిసీమ నుంచి మా అత్తగారు వస్తున్నారని కబురు. నిలబడి వండడమేమిటి, ఆ బండ పీకించేసి మళ్ళీ నేలమీద పొయ్యి పెట్టిస్తానని ఊళ్ళో అందరికీ చెప్పి మరీ బయల్దేరారట. ఆవిడ మాటంటే మావారికి శాసనం. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆవిడ వచ్చారు, బండని ఎగాదిగా చూశారు, వెళ్ళి పడుకున్నారు. మర్నాడు పొద్దున్న నేను స్నానం చేసి వచ్చేసరికి వంటింట్లో బరబరమని చప్పుడు. అత్తగారు కొంగు నడుముకి దోపి, ఇత్తడి బిందెని తోమినట్టు చింతపండుతో బండని తోమేస్తున్నారు! నల్లగా ఉంది కదా, మసి పట్టిందనుకున్నారట. నీళ్ళు పోసి కడిగేసరికి బండనిండా బూడిదరంగు మచ్చలు తేలాయి.

"అయ్యయ్యో, వెలిసిపోయిందేంటే అమ్మాయ్! రాళ్ళక్కూడా రంగేసి అమ్ముతున్నారా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అరుద్దామని నోరు తెరిస్తే నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఇంకా వచ్చింది. చేతినిండా చింతపండుతో ఆవిడ బిక్కమొహం చూస్తే మరీను. కాసేపటికి ఆవిడా మొదలుపెట్టారు.

"పులుపు తగిలితే ఇది పాలిపోతుందండీ అత్తయ్యగారూ, నిమ్మచెక్క కూడా పెట్టకూడదు" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ.

"మరి ముందే చెప్పొద్దూ! కొబ్బరినూనె పట్రా."

పాత పంచె చింపి, ఇద్దరం పక్కపక్కనే నిలబడి నూనె పట్టించాం. నలుపు మెల్లగా తిరిగొస్తుంటే "ఇదిగో వచ్చింది, ఇదిగో" అని ఆవిడ ఒకటే సంబరం. ఆ ఊపులో పప్పు తాలింపు కూడా ఆవిడే పెట్టేశారు, నిలబడే.

మధ్యాహ్నం మావారు భోజనానికి వచ్చి, భయంభయంగా అడిగారు. "అమ్మా, మరి మేస్త్రీని పిలవమంటావా?"

"పిలువు" అన్నారావిడ. నా నవ్వు ఠక్కున ఆగిపోయింది.

"పిలిచి, ఈ గట్టు జానెడు కిందికి దించమను. మీ ఆవిడంటే తాడిచెట్టంత ఉంది. నాకు గిన్నెలో ఏముందో కనపడి చావట్లేదు."

ఆ వారంలోనే దించారు. ఇక ఆవిడ మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను నడుం వంచుకునే వండాను, అదీ ఆవిడ పక్కకి జరిగి చోటిస్తేనే.