టాపు బాబాయి, సన్‌రూఫు కారు

మా తిరువూరులో ఆ రోజుల్లో మనిషి ఎంతటివాడో తెలుసుకోవడానికి ముఖం చూసేవారు కాదు, దిగిన బండిని చూసేవారు. బస్సు దిగినవాడికి ఒక మర్యాద, షేర్ ఆటో దిగినవాడికి ఇంకొకటి, స్కూటరుకు స్టాండు వేసి తాళంచెవి వేలికి తిప్పుకుంటూ వచ్చేవాడికి మరొకటి. నేను జీపు దిగేవాణ్ణి. జీపు దిగినవాణ్ణి చూసి ఎవరూ లేచి నిలబడరు గానీ, "వెనక చోటుంటే ఈ రెండు బస్తాలు వేసుకుపోతావా" అని మాత్రం అందరూ అడుగుతారు. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో నాకది భరించరాని అవమానంగా తోచింది. ఇప్పుడు ఆ ఇరవై ఎనిమిదేళ్లవాడు ఎదురైతే చెంప మీద ఒకటిచ్చి, తర్వాత పాపమని కాఫీ ఇప్పించాలని ఉంటుంది.

మాది మామిడి వ్యాపారం. పూత మీదో, పిందె మీదో తోటలు కొని, కాయ దిగేదాకా కాపలా కాసి, కోసి లారీకెత్తడం. అంటే ఇంకా పుట్టని కాయను చూసి బేరమాడాలన్న మాట. ఆ చూపు తప్పిందా, ఆ ఏడాది అక్కడితో సరి. నాన్న పోయాక ఆయన వ్యాపారమూ, ఆయన జీపూ, ఆయన తమ్ముడూ ముగ్గురూ (జీపును కూడా మనిషిలోనే లెక్కేస్తున్నాను, క్షమించాలి) ఒక్కసారే నా చేతికొచ్చారు. వాళ్లలో విలువైనవారెవరో నాకు తెలియలేదు. బాబాయి చేసేది ఒకటే పని, చూడడం. జీపును నేను చెట్ల వరసల మధ్యకు పోనిస్తే, ఆయన చెప్పులు విప్పి, బానెట్ మీదుగా టాపెక్కి, క్యారియర్ కమ్మీల మీద నిలబడి చెట్ల నెత్తి మీది పూతను చూసేవాడు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, చిన్నగా గొణుక్కుంటూ, ఒక్కో చెట్టునూ పలకరిస్తున్నట్టు. "కింద పూత దారిన పోయేవాడికి కూడా కనబడుద్దిరా. కాపుండేది పైన" అనేవాడు. దిగి, బానెట్ మీద పడ్డ తన పాదాల ముద్రల్ని తువ్వాలుతో తుడిచి, అప్పుడు ధర చెప్పేవాడు. చుట్టుపక్కల రైతులంతా ఆయన్ని టాపు బాబాయి అనేవారు. ఆయన చెప్పిన మాట మీద నాన్న ఎన్నడూ నష్టపోలేదు.

ఇంతలో మా అత్తవారి వైపు ఒక పెళ్లి వచ్చింది. నా తోడల్లుడు (మా ఆవిడ అక్కయ్య భర్త, బెజవాడలో కాంట్రాక్టరు) తెల్లటి కారులో దిగాడు. మా అత్తగారు గుమ్మం దాటి ఎదురెళ్లి "ఎండన పడి వచ్చారు, లోపలికి రండి బాబూ" అన్నారు. (ఏసీ కారులో ఎండెక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు.) వెనకాలే నేను జీపు దిగాను. నిజంగా ఎండన పడి వచ్చినవాణ్ణి. అత్తగారు నన్ను చూసి సంతోషంగా "దేవుడిలా వచ్చారు. వంటవాళ్లకి రెండు గ్యాసు బండలు తక్కువయ్యాయట, మీ జీపులో అయితే పట్టేస్తాయి" అన్నారు. ఆ పెళ్లిలో నేను గ్యాసు బండలు, అరటి గెలలు, సన్నాయి వాళ్లు, వాళ్ల డోళ్లు, చివరికి అలిగి వెళ్లిపోయిన ఒక పెత్తండ్రి గారు, ఇన్నింటిని మోశాను. పెళ్లి ఫోటోలో నేను లేను. ఫోటో తీసే సమయానికి విస్తరాకులు తేవడానికి వెళ్లాను.

ఆ కసిలో ఉండగా బెజవాడ బ్రోకరు ఒకడు తగిలాడు. విదేశీ కంపెనీ కారు, సెకండ్ హ్యాండు. నల్లగా, పొడుగ్గా, అప్పుడే స్నానం చేసినట్టుంది. లోపల మీగడ రంగు తోలు సీట్లు, డాష్‌బోర్డు నిండా చెక్క నగిషీ, నెత్తిన అద్దాల కిటికీ. మీట నొక్కితే ఆ కిటికీ జరిగి ఆకాశం కనబడుతుంది. "సన్‌రూఫండి. డాక్టరు గారి బండండి, క్లినిక్కుకీ ఇంటికీ తప్ప తీయలేదు" అన్నాడు. (అలాంటి బండ్లన్నీ డాక్టర్లవే అవుతాయి, ఆ డాక్టర్లెవరూ ఎక్కడికీ వెళ్లరు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.) మా జీపు ఇచ్చేసి, పైన కొంత కడితే చాలన్నాడు. నేను వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కనబడ్డవాణ్ణల్లా సలహా అడిగాను. వద్దన్నవాళ్లకు వాహనాల సంగతి తెలియదనీ, కొనమన్నవాళ్లు లోకం చూసినవాళ్లనీ తేల్చుకున్నాను. మా ఆవిడ మాత్రం "జీపు ఎప్పుడైనా మొరాయించిందా?" అని అడిగింది. లేదన్నాను. "మరి దానిమీద మీకు కోపమెందుకు?" అంది. ఆమెకు కూడా వాహనాల సంగతి తెలియదని తేల్చేశాను.

మిగిలింది బాబాయి. జీపు పేరుకు నాదే అయినా వ్యాపారంలో ఆయనకు సగం. ఆయన సరేననకుండా ఇవ్వలేను.

"ఆ కారు తోటలోకి దిగుద్దంట్రా?" అన్నాడు.

"రోడ్డు మీద ఆపి నడుద్దాం బాబాయ్. రైతులు కూడా మనల్ని కాస్త పెద్దగా చూస్తారు."

"నేనెక్కడెక్కి చూడాలి?"

"ఇన్నేళ్ల అనుభవం నీది. ఎక్కకుండా చూడలేవా?"

కోప్పడితే బాగుండేది. "మనిద్దరం అనుకుంటే తేలదు గానీ, నెమలి గుడికెళ్లి స్వామి ముందు చీట్లేద్దాం. ఆయన ఏదంటే అది. ఇంక నేను మాట్లాడను" అన్నాడు. మా ఇంట్లో పెద్ద విషయం ఏదొచ్చినా అలాగే తేల్చేవారు. నాన్న వ్యాపారంలోకి దిగిందీ, మా అక్క సంబంధం ఖాయమైందీ నెమలి వేణుగోపాలస్వామి ముందు చీట్లేసే. స్వామి పేరెత్తితే బాబాయి దగ్గర ఇంక వాదన ఉండదు.

చీట్లు రాసింది నేను. గుడి అరుగు మీద కూర్చుని, కాగితం రెండు ముక్కలు చేసి, ఒకదాని మీద 'కారు' అని రాశాను. రెండోదాని మీద కూడా 'కారు' అనే రాశాను. స్వామికి నేను మోసం చేయడం లేదనీ, ఆయన పని తేలిక చేస్తున్నాననీ నాకు నేను చెప్పుకున్నాను. పూజారి గారు రెండూ పళ్లెంలో వేసి, స్వామి పాదాల దగ్గర పెట్టి, కళ్లు మూసుకుని ఒకటి తీసి నా చేతికిచ్చారు. విప్పి బాబాయికి చూపించాను. ఆయన దాన్ని కళ్లకద్దుకుని "సరే, స్వామి మాటే" అన్నాడు. నేను ఆ సంతోషంలో బ్రోకరుకు ఫోను చేయడానికి ఎస్టీడీ బూతు వైపు పరిగెత్తాను. రెండో చీటీ తులసితో పాటు పళ్లెంలోనే ఉండిపోయింది. బస్సెక్కాక గుర్తొచ్చింది గానీ, పూజారి గారు పూలతో పాటు ఊడ్చేసి ఉంటారులే అనుకున్నాను. జీపు లేకుండా బస్సులో ఎందుకు వెళ్లామంటారా? దాన్ని అప్పటికే కడిగించి, అమ్మకానికి మెరుగు పెట్టిస్తున్నాను.

కారు వచ్చింది. మొదటిసారి దాన్లో అత్తవారింటికి వెళ్లినప్పుడు మా అత్తగారు నిజంగానే గుమ్మం దాటి వచ్చారు. అయితే ఆవిడ చూపు నా వెనక వస్తున్న నా తోడల్లుడి బండి మీద ఉంది. అతను కొత్తగా పెద్ద జీపు కొన్నాడు. "ఇప్పుడంతా ఇవేనండి. ఎత్తుగా ఉంటే దర్జా" అన్నాడు నాతో, నా కారు టాపు మీద మోచెయ్యి ఆనించి.

ఆ ఏడాది పూతకు వినగడపలో ఒక పెద్ద తోట చూడ్డానికి వెళ్లాం. రోడ్డు దిగగానే కారు పొట్ట నేలకు రాసుకుని మూలిగింది. నీళ్ల బోదె దాటదని తోట మొదట్లోనే ఆపేశాను. రైతు కారును చూసి గబగబా పంచె సర్దుకున్నాడు, మనసులో ధరను కూడా సర్దుకున్నాడని ఆ తర్వాత తెలిసింది. బాబాయి అలవాటు కొద్దీ చెప్పులు విప్పి బానెట్ మీద కాలు పెట్టబోయాడు. "బాబాయ్, పెయింటు!" అని అరిచాను. ఆయన కాలు దించేశాడు. అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చి సన్‌రూఫు మీట నొక్కాను. డెబ్బైకి దగ్గర పడుతున్న మనిషి మీగడ రంగు సీటు మీద గోనెపట్టా వేసుకుని, దాని మీద నిలబడి, అద్దాల కిటికీలోంచి నడుం దాకా పైకి లేచాడు. ఎన్నికల ప్రచారానికి వచ్చిన అభ్యర్థిలా ఉన్నాడు. రైతు నవ్వాపుకోలేక పక్కకు తిరిగాడు. నేను కూడా నవ్వాను. ఇది ఇప్పటికీ నన్ను పొడుస్తుంది, నేను కూడా నవ్వాను.

"ఏం కనబడుతోంది బాబాయ్?"

"కింద కొమ్మలు" అన్నాడు. "పోనీ, ఈ తోట వదిలేద్దాంరా. చూడందే కొనొద్దు."

కింద కొమ్మల నిండా పూత విరగబడి ఉంది. కారులో వచ్చినవాడు వట్టి చేతులతో వెనక్కెళ్తే బాగుండదని నాకనిపించింది. అక్కడికక్కడే మాటిచ్చేశాను. పదిహేను రోజులకు కాపలావాడు కబురు పెట్టాడు. చెట్ల నెత్తినంతా తేనెమంచు పురుగు పట్టి పూత ఎప్పుడో నల్లగా మాడిపోయిందట. జీపు టాపెక్కి ఉంటే ఒక్క చూపులో తెలిసేది. ఆ వేసవిలో ఆ తోట నుంచి మేం కోసిన కాయలు మా కారు డిక్కీలో పట్టాయి. (డిక్కీ పెద్దదేనండి, బ్రోకరు ఆ ఒక్క విషయంలో అబద్ధం చెప్పలేదు.) ఆ రోజు తెరిచిన సన్‌రూఫు మళ్లీ సరిగ్గా మూసుకోలేదు, కొన్నాళ్లకు ఇంజనూ మొరాయించింది. మా ఊరి మెకానిక్కు బానెట్ ఎత్తి చూసి, గర్భగుడి తలుపు వేసినంత భక్తిగా మూసేసి, "మనవల్ల కాదు సార్" అన్నాడు. వానాకాలం ముందే కారుకు టార్పాలిను కప్పాం. మీగడ రంగు సీట్లకు బూజు పట్టింది.

బాబాయి ఒక్క మాట కూడా అనలేదు. తర్వాత కాపుకు కూడా నాతోనే స్కూటరు మీద తోటల వెంట తిరిగాడు, నిచ్చెన అడిగి ఎక్కి చూశాడు. రెండు కాపులు అయ్యాక ఒక పొద్దున వచ్చి, "విస్సన్నపేట షావుకారు రమ్మంటున్నాడురా, వెళ్తాను" అన్నాడు. ఆ షావుకారు మాకు పోటీ వ్యాపారి. బ్రోకరు దగ్గర మా జీపును కొన్నది అతనే. నాన్న తమ్ముడు నన్ను ముంచి పోతున్నాడని ఊరంతా చెప్పుకున్నాను. ఇంటి గడప తొక్కొద్దన్నాను. ఎంత సులువుగా అన్నానో.

నాలుగేళ్ల తర్వాత, వ్యాపారం మూసేసి ఎరువుల కొట్టులో గుమాస్తాగా చేరాక, బాకీ కాగితాలతో వినగడప వెళ్లాను. బస్సు దిగి నడుస్తుంటే అదే తోటలో మా జీపు కనబడింది. టాపు మీద బాబాయి. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, గొణుక్కుంటూ. నన్ను చూసి మెల్లగా దిగి, బానెట్ తువ్వాలుతో తుడిచి, దగ్గరికొచ్చాడు.

"చిక్కావేంట్రా" అన్నాడు.

"ఎందుకెళ్లిపోయావు బాబాయ్?" అన్నాను.

"నెమలిలో పళ్లెంలో మిగిలిన చీటీ నేను తీసుకొచ్చా. స్వామి పాదాల దగ్గర పెట్టిన కాగితం, ఎవరి కాళ్ల కిందా పడకూడదని. బస్సులో నువ్వు నిద్రపోతుంటే విప్పి చూశా."

నేను చేతిలోని బాకీ కాగితాలు సర్దుకున్నాను.

"అప్పుడే ఎందుకు అడగలేదు?"

"నువ్వే చెప్తావనుకున్నా. తోట పోయినప్పుడు చెప్తావనుకున్నా, కారు మూలన పడ్డప్పుడు చెప్తావనుకున్నా. రెండు కాపులు చూశాన్రా." తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "తోటయితే టాపెక్కి చూస్తే తెలుసుద్ది."

ఆయన పోయి చాలా ఏళ్లయింది. కారును ఇనుప సామాన్లవాడు కోసుకుపోయాడు, సన్‌రూఫు అద్దం మాత్రం మా పెరట్లో తులసి కోట దీపానికి గాలి తగలకుండా కొన్నాళ్లు అడ్డుంది. ఇప్పటికీ మా ఇంట్లో ఏదైనా తేలకపోతే మా ఆవిడ "చీట్లేద్దామా?" అంటుంది. నేను బుద్ధిగా కూర్చుని రెండు చీట్లు రాసి, మడతపెట్టే ముందు రెండూ విప్పి అందరికీ చూపిస్తాను. పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. చూపించాల్సిన మనిషి ఆ గుంపులో ఉండడు.