సంచికి కాపలా

ఖరగ్‌పూర్‌లో నా బండి మూడు గంటలు ఆలస్యం. గోల్‌బజార్‌లో ఆవపెట్టిన చేపల కూర కడుపునిండా లాగించి, స్టేషన్ వెయిటింగ్ రూమ్ బెంచీ మీద వాలాను. కాసేపటికే గుండెల్లో మంట, గొంతులోకి పుల్లటి తేన్పులు. తినగానే పడుకోవద్దని మా ఊరి డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా నేను లెక్కచేయలేదు.

"ఏటి బాబూ, తిన్నెంటనే తొంగున్నావేటి?" అన్నాడు పక్క బెంచీ పెద్దాయన. నేను ఫోన్లో మాట్లాడిన తెలుగు విన్నట్టున్నాడు. మంట సంగతి చెప్పాను.

"ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా సేసినాను. నాకూ ఈ మంట ఉండీది" అంటూ తన గుడ్డసంచి నా ఒళ్లో పెట్టాడు. "బజార్లో పనుంది, గంటలో వస్తాను. నువ్వు తొంగుంటే ఎవడో అట్టుకుపోతాడు, జాగర్త!"

ఆ భయంతో నిటారుగా కూర్చున్నాను. ఆయన వచ్చేసరికి మంట చాలావరకు తగ్గింది.

ఆయన సంచి విప్పితే ఒక గిన్నె, మరమరాలు తప్ప ఏమీ లేవు. కడుపుకు చలవ, ఇక్కడి బెంగాలీల అలవాటేనంటూ మరమరాలను గిన్నెలో నీళ్లతో తడిపి, నా రాత్రి భోజనానికని ఇచ్చాడు.

"వీటికా నేను కాపలా కాసింది?" అన్నాను.

"ఈటికి కాదు బాబూ, నీకు."

ఆయన పుణ్యమా అని, ఇప్పటికీ భోజనమయ్యాక ఆ సంచి నా ఒళ్లో ఉన్నట్టే కూర్చుంటాను.