రాక్షసుడి విల్లు, మా నాయిన వడిసెల

ఆటలో భయపడ్డానంటే నవ్వుతారు. నవ్వుకోండి. ఆ మధ్యాహ్నం నా అరచేతుల్లో పట్టిన చెమట మాత్రం ఆటది కాదు.

తొంభైల్లో ఒక ఎండాకాలం. మా తమ్ముడి బిడ్డ హైదరాబాదులో ఇంజనీరింగు చదివేది. సెలవులకని ఆలేరులో రైలు దిగి ఊరికి వచ్చింది. సంచిలో బట్టల కంటే జిరాక్సు కాగితాలే ఎక్కువ. హాస్టల్లో పిల్లలంతా చేరి ఆడే ఆటట. పావులుండవు, గళ్లుండవు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు ఆ కథలో మనుషులైపోయి, ఏం చేస్తున్నారో నోటితో చెప్తారు. చెప్పిన పని అయిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. వాళ్ల ఇరవై ముఖాల పాచిక హాస్టల్లోనే ఉండిపోయిందట. అందుకని ఇరవై చింతగింజలను బండ మీద ఒకవైపు అరగదీసి, తెల్లబడ్డ చోట ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు వేసి చెంబులో పోసింది. చూడకుండా ఒకటి తీయాలి. పెద్ద అంకె వస్తే పని అయినట్టు.

"నాకెందుకే గీ ఆట? మీ బాపుతోని ఆడుకో పో" అన్నాను.

"నీకు సదువొచ్చింది గదా అత్తా. నీ మనిషి పేరు నువ్వే రాస్కోవచ్చు."

అక్కడ దొరికిపోయాను. తల నెరిసినాక సాయంత్రం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఎవరు ఏం రాయమన్నా అప్పట్లో పలకలా సిద్ధంగా ఉండేదాన్ని. పేరు రాశాను. ఏం పేరో చెప్పను.

ఆయుధాలు కూడా నేనే కూడబలుక్కుని చదివాను. కత్తి, గొడ్డలి, విల్లు. అన్నిటికంటే కింద రాక్షసుడి విల్లు.

"అది మన కొలతది కాదత్తా" అంది పిల్ల. "రాక్షసులు పట్టేది. మనిషి పట్టుకుంటే గుంజనీకే ఒక వంతు పోతది. ఇడిసేది మల్ల వంతుకే. నీకొచ్చిన అంకెలకెల్లి నాలుగు తీసేస్త. తాకిందా, ఇగ ఎంతటోడైనా పడాల్సిందే."

"అదే ఇయ్యి."

పుట్టినకాడి నుంచి నాకు చిన్న గిన్నె, చిన్న చాప, మూలకు ఇంత జాగా. కాగితం మీదన్నా పెద్దది పట్టుకుందామనిపించింది.

"అక్కా, గది నిన్నే ఎత్తుకపోతదే" అని తమ్ముడు మంచం మీద పడి పడి నవ్వాడు. వాడు మాత్రం గొడ్డలి తీసుకున్నాడు. "దూరంకెల్లి కొట్టుడు నాతోని కాదు. దగ్గరికి పోయి నరుకుత."

వాడికి ఎడమ కన్ను లేదు. ఒంటికన్నుతో దూరం అందదు. ఊరందరికీ తెలిసిన సంగతే. ఎట్లా పోయిందన్నది మాత్రం మా ఇంట్లో ఎవరమూ ఎత్తము.

మా నాయినకు జొన్న చేను ఉండేది. గింజ పాలు పోసుకునే రోజుల్లో మంచె ఎక్కి వడిసెలతో పిట్టలను తోలేవాడు. తాడు నడుమ అల్లికలో రాయి పెట్టి, గిరగిరా తిప్పి ఒక కొస వదిలితే రాయి చేను దాటి పడేది. మా దగ్గర ఒక కట్టడి ఉంది. చేనులో మనవాళ్లుంటే మంచె మీదివాడు "కూసో" అని కేకేయాలి. లోపలి నుంచి "కూసున్న" అని వినబడ్డాకనే తిప్పాలి. రాయి పడ్డాక "లే" అనాలి. జొన్న మనిషి కంటే ఎత్తుగా ఉంటుంది, ఎవరెక్కడున్నారో కనబడదు.

ఒకనాడు పందులు పడ్డాయి. పిట్టల రాయి పందికి ఏం ఆనుతుందని నాయిన పిడికిలంత రాయి పెట్టాడు. తొందరలో ముందు తిప్పాడు, తర్వాత కేకేశాడు. చిన్న రాయి అయితే చెయ్యి నెమ్మదించి కింద పడేయొచ్చు. అంత రాయి తిరగడం మొదలుపెట్టాక ఆగదు, చేతినే లాక్కుపోతుంది. జవాబు రాలేదు. అప్పుడు ఇంకా చిన్నవాడైన తమ్ముడు చేనులోనే ఉన్నాడు, ఏందో చూద్దామని గట్టు ఎక్కాడు. నేను మంచె మీద నాయిన పక్కనే ఉన్నాను. రాయి పోవడమూ చూశాను, వాడి ముఖం పైకి రావడమూ చూశాను.

ఎడ్లబండిలో దవాఖానకు పోయాము. కన్ను దక్కలేదు. నాయిన మళ్లీ వడిసెల ముట్టలేదు. దూరానికి విసిరేది ఏదైనా సరే, నేనూ ముట్టలేదు. మరి ఆ విల్లు ఎందుకు అడిగానో. కాగితమే కదా అనుకున్నాను.

పిల్ల కథ నడిపింది. భువనగిరి గుట్టలాంటి బోడి బండ, దాని మీద ఒక రాక్షసుడు. నేను కింది నుంచి విల్లు గుంజుతున్నానని చెప్పాను. నా వంతు అయిపోయింది. తమ్ముడి వంతు వచ్చింది.

"ఉరుకుత" అన్నాడు. "వాని ముంగటికే పోయి కొడత."

"బాపూ, అత్త బాణం గటు దిక్కే ఉంది" అంది పిల్ల.

"ఉండనీ."

మళ్లీ నా వంతు.

"నేను ఇడవకుంటే ఏమైతది?"

"అంత పెద్ద విల్లు గుంజి పట్టుకొని ఆగలేవత్తా. ఇడవాల్సిందే. నాలుగు తీసేసినంక అయిదుకు లోపు మిగిలిందనుకో, బాపుకు తాకుతది."

ఆ మాట ఆమె మామూలుగానే అంది. ఆమెకు ఏం తెలుసు? నాకు మాత్రం మంచె కిర్రుమంది. చెంబులో పెట్టిన చెయ్యి బయటికి తీసేశాను. గింజలు గలగలమన్నాయి.

"ఎయ్యి అక్కా, ఆటనే గదా" అన్నాడు తమ్ముడు. వాడి నవ్వు సగంలోనే ఆగింది. నా ముఖం చూశాడు. వాడికి తెలిసిపోయింది.

"ఒక కేకేస్త" అన్నాను పిల్లతో. "ఏయనిస్తవా?"

"కేకకు వంతు పోదత్తా. ఏస్కో."

"కూసో!"

ఇల్లంతా అదిరేలా అరిచాను. వంటింట్లో ఏదో గిన్నె పడింది. తమ్ముడు మంచం మీది నుంచి దిగి, నేల మీద గొంతుక్కూర్చుని, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. వాడికీ నెత్తి నెరిసింది అప్పటికే.

"కూసున్న!"

ఆ జవాబు వినడానికి నేను ఎన్నేళ్లు చెవి పెట్టుకుని ఉన్నానో. చెంబులో చెయ్యి పెట్టాను. ఒక గింజ జారింది, ఇంకొకటి దొరికింది. వెలుతురుకు పట్టి చదివాను. ఏడు. నాలుగు తీసేస్తే మూడు.

నేను పిల్ల నోటి వైపే చూస్తున్నాను.

"తాకాలె గని..." అని కాగితం చూసింది, నేల మీది తండ్రిని చూసింది. "కూసున్నడు గదా. బాణం నెత్తి మీదికెల్లి పోయింది."

"అక్కా, పడ్డదా? నా మోకాళ్లు పోతున్నయి" అన్నాడు వాడు తల ఎత్తకుండానే.

"లే" అన్నాను.

లేచాడు. పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏం అడగకుండా, రాక్షసుడు ఇంకా నిలబడే ఉన్నాడని చెప్పింది. ఆ విల్లు అక్కడే పారేశానని చెప్పాను. నాక్కూడా ఒక గొడ్డలి ఇయ్యమన్నాను. బండ ఎక్కిపోయి తమ్ముడికి ఎడమ పక్కన నిలబడతానన్నాను.