పసుపు గుడ్డలో కత్తి

ఒక మాట చాలా ఏళ్లుగా నా గొంతుకు అడ్డంపడి ఉంది. మా ఆవిడకు చెప్పలేదు. మా అన్నకు అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. పోయిన వారం నన్నొకడు మోసం చేశాడు. ఆ మంటలోనే ఇది బయటికొస్తోంది, లేకపోతే నాతోనే పోయేదేమో.

మాది పుంగనూరులో క్షౌరం పని చేసే ఇల్లు. నాయిన దగ్గర తాతల నాటి మడత కత్తులు రెండుండేవి. రెంటికీ నల్ల కొమ్ము పిడి. ఒకదాన్ని పసుపు గుడ్డలో చుట్టేవాడు. అది పెళ్లికొడుకులకు, పిల్లల పుట్టు వెంట్రుకలకు. ఇంకొకటి తెల్లగుడ్డలో, చావు జరిగిన ఇళ్లలో కర్మాంతరం గుండ్లకు. ఒకదాని పనికి రెండోది తీయడం మా ఇంట్లో లేదు. షాపులోకి బ్లేడ్లు వచ్చాక రెండూ పెట్టెలోకి చేరాయి. ఇంట్లో శుభమైతే మాత్రం పసుపు గుడ్డ బయటికి వచ్చేది.

పాత కత్తుల్ని కొని, బాగుచేసి ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లుంటారని నాకు తెలిసింది. ఫొటోలు పెట్టాను. వాళ్లకు పసుపు గుడ్డదే నచ్చింది. ఇచ్చేశాను. ఇల్లు గడవక ఇచ్చానా? కాదు. మంచి ఫోను కొనుక్కోవాలనిపించింది. చావు కత్తిని పసుపు గుడ్డలోకి మార్చి, తెల్లగుడ్డలో విరిగిన దువ్వెన చుట్టి పెట్టాను. చూడ్డానికి రెండూ ఒకటేలే అనుకున్నాను. శుభాల కత్తి పిడి చివర నాయిన ఆకురాయితో చిన్న గాటు పెట్టుకున్నాడని, బొటనవేలు దానిమీద ఆనితే తప్ప కత్తి విప్పడని, ఆ ఇంట్లో పుట్టి కూడా నేను గమనించలేదు.

చౌడేపల్లెలో మా అక్క కొడుకు పుట్టు వెంట్రుకలు. పెద్ద మేనమామ కాబట్టి అన్న ఒళ్లో బిడ్డను కూర్చోబెట్టారు. నాయిన గుడ్డ విప్పాడు. బొటనవేలు పిడి చివరికి పోయి ఆగింది. పదును చాలదని చెప్పి, కొత్త బ్లేడు తెప్పించి పని కానిచ్చాడు. భోజనాలయ్యాక నన్ను ఆవుల కొట్టం వెనక్కి పిలిచాడు.

“పసుపు గుడ్డ ఎవురిప్పినారప్పా?”

“నాకు తెలీదు నాయినా.”

“దాంట్లో ఉండేది సావు కత్తి. బిడ్డ తల మింద పెట్టబోతి. ఎవురప్పా?”

“మొన్న అన్న పెట్టె తీస్తాంటే సూసినా.”

నాయిన కత్తిని మళ్లీ ఆ పసుపు గుడ్డలోనే చుట్టాడు.

“తీసినోడే తెచ్చి పెట్టాల. నేనడగను.”

అన్న గురించి నేను చెప్పింది అబద్ధం కాదు. సర్టిఫికెట్ల కోసం అన్న పెట్టె తీసిన మాట నిజమే. చూశారా, ఇప్పటికీ ఆ ఒక్క నిజాన్నే పట్టుకుని వేలాడుతున్నాను. అబద్ధం చెప్పి ఉంటే ఎప్పటికైనా బయటపడేదేమో, ఒక నిజాన్ని తెచ్చి అన్న నెత్తిన పెట్టాను కాబట్టే ఎవరికీ అనుమానం రాలేదని నాకు తర్వాత తెలిసింది. తర్వాతనా? ఆ మాట నోట్లోంచి వస్తున్నప్పుడే తెలుసు.

నాయిన నిజంగానే అడగలేదు. అన్నకు శాంతిపురం దగ్గర గ్రానైట్ పని, కాపురం కుప్పంలో. కూతురు పుడితే, పుట్టు వెంట్రుకలు నీ చేత్తోనే తీయాలని నాయినను బతిమాలాడు. మోకాళ్ల నొప్పులన్నాడు నాయిన. మరుసటి వారమే బస్సెక్కి అక్క వాళ్లింటికి పోయాడు. అన్న చేసిన తప్పేమిటో అన్నకు తెలియదు. కత్తి వెనక్కి తెస్తాడని నాయిన చివరిదాకా చూశాడు. తేలేదు. ఎలా తెస్తాడు?

నాయిన పోయాక కర్మాంతరం రోజు నేను పసుపు గుడ్డ బయటికి తీశాను, అందులో ఉన్నది చావు కత్తే కదా. తెల్లగుడ్డలోది తుప్పు పట్టిపోయిందని, ఎవరూ అడగకముందే చెప్పాను. అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

“అది శుభాల కత్తి గదప్పా. సావుకు తీస్తే నాయిన ఒప్పుకుంటాడా?”

అంటే అన్నకు కత్తి మారిన సంగతే తెలియదు. ఆ మాట వినడానికి నాయిన లేడు. విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఏదైతే ఏముందిలే అన్నాను. ఇద్దరికీ గుండ్లు కొట్టించాను.

ఇన్నేళ్లకు అన్నకు కొడుకు పుట్టాడు. పోయిన నెల ఫోను చేసి, నాయిన కత్తి చావుకు వాడేశాము కాబట్టి బ్లేడుతోనే కానిద్దామని, నాయిన లేడు గనుక మొదటి కత్తెర నువ్వే వెయ్యాలని అన్నాడు. నన్నే. ఆ రోజు నుంచి మదనపల్లెలో ఆఫీసుకు పోతూ వస్తూ ఫోనులో పాత కత్తులు వెతకడమే పనైపోయింది. ఒక ఫొటోలో కొమ్ము పిడి, దాని చివర గాటు. అడిగినంత ఇచ్చి తెప్పించాను.

పార్సిల్ విప్పాను. పిడి మాదే. గాటు మీద నా వేలు ఆనింది. విప్పితే లోపల అలుగు, అదే కోసే రేకు, మాది కాదు. నాయిన నూరి నూరి మా అలుగు అరిగి సన్నబడి ఉండేది. ఇది వెడల్పుగా, కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. ఇదేమి ద్రోహం అని అమ్మినవాడికి రాశాను. పాత అలుగు పనికిరాదని తీసి పారేశామని, బాగుచేయడమంటే అదేనని జవాబిచ్చాడు.

ఇంత మోసమా అని ఇంట్లో అరిచాను. వాపసు పంపి, అందరికీ తెలిసేట్టు రాయి అంది మా ఆవిడ. ఏమని రాయను? దొంగకు తేలు కుట్టినట్టుంది నా పని. నేను గుడ్డలో కత్తి మార్చాను, వాడు పిడిలో అలుగు మార్చాడు. వాడికి మా నాయిన ఎవరో తెలియదు. నాకు తెలుసు.

ఆదివారం కుప్పం పోవాలి. కత్తిని బ్యాగులో పెట్టుకున్నాను, పసుపు గుడ్డ చుట్టలేదు. తీసినోడే తెచ్చి పెట్టాలన్నాడు నాయిన. పెట్టడానికి ఆ కత్తి ఇక ఎక్కడా లేదు. అన్న క్షమిస్తాడా? అడిగే ముఖం నాకు లేదు. అన్నతో చెప్పాల్సిన మాటను మీ ముందు ఒకసారి పైకి అంటే, అక్కడ నోరు తిరుగుతుందేమోనని ఇదంతా.

అన్నా, పెట్టె తీసింది నువ్వే. గుడ్డ విప్పింది నేను.