హ్యాండ్‌బ్రేకుకు సద్దిసంచి

ఆ రోజుల్లో వరంగల్‌లో తిరిగే బండ్లకు హ్యాండ్‌బ్రేకు ఉండేది కాదని ఎవరైనా అంటే నమ్మకండి. ప్రతి బండికీ ఉండేది. పనిచేసేది కాదు, అంతే. బండి ఆగిందంటే డ్రైవరు దిగి వెనక చక్రం కింద రాయి పెట్టేవాడు. ఎవరి రాయి వాళ్లది, సీటు కింద వేసుకుని తిరిగేవాళ్లు. షెడ్డులో చేరిన కొత్తలో ఒక బండి సీటు కింద ఉన్న రాయిని చెత్త అనుకుని బయట పారేసి నేను తిన్న తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. (అది నర్సంపేట నుంచి ఏరి తెచ్చుకున్న రాయట. రాళ్లకు సొంత ఊళ్లుంటాయని మాకు ఐటిఐలో చెప్పలేదు.)

ములుగు రోడ్డు మీద రేకుల షెడ్డు మాది. మాది అంటే మా ఉస్తాద్‌ది. ఇంజను చప్పుడు విని రోగం చెప్పగల మనిషి, కానీ చదువుకున్నవాడంటే ఆయనకు కొంచెం జాలి. నన్ను పేరు పెట్టి ఒక్కనాడు పిలవలేదు. "అరే ఐటిఐ, గ్యాసునూనె డబ్బా తే." ఏడాదిన్నర నా ఉద్యోగం అదే, విప్పిన సామాన్లను కిరసనాయిల్లో కడగడం. పానా సొంతంగా చేతపట్టి, ఇది నా పని అని చెప్పుకోగలవాణ్ని మా దగ్గర మేస్త్రీ అంటారు. నేను మేస్త్రీనయ్యానని మా అమ్మ అప్పటికే వాడంతా చెప్పేసింది. రోజూ నా బట్టలు ఉతుకుతూ, "మేస్త్రీ అంగీకి గింత గ్యాసునూనె వాసనేందిరా?" అని అడిగేది. నేను అన్నంలోకి తల దించేవాణ్ని.

బండ్లకు ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది కదా. పరీక్ష చేసే ఆఫీసరును జనం బ్రేకు ఇన్‌స్పెక్టర్ అనేవాళ్లు. ఆ ఒక్కరోజు మాత్రం హ్యాండ్‌బ్రేకు పనిచేయాలి. దానికి మా ఉస్తాద్ దగ్గర ఒక ఏర్పాటు ఉండేది. మంచి కేబుల్ ఒకటి గోడకు మేకుకు వేలాడేది. పరీక్షకు పోయే ప్రతి బండికీ అదే బిగించడం, పరీక్ష కాగానే విప్పి మళ్లీ మేకుకు తగిలించడం. పెళ్లిచూపులకు పక్కింటి గొలుసు అడిగి తెచ్చుకున్నట్టన్నమాట. అలా ఆ కేబుల్ ఎన్ని బండ్లను గట్టెక్కించిందో లెక్కలేదు. చివరికి ఒకరోజు పుటుక్కున తెగింది. సరిగ్గా అప్పుడే డ్రైవర్ కాక పికప్ బండి పరీక్షకు రెండు రోజులే ఉంది.

డ్రైవర్ కాక అంటే ములుగు దుకాణాలకు ఉప్పు, పప్పు బస్తాలు తోలే పెద్దమనిషి. ఇరవై ఏళ్లుగా స్టీరింగు పట్టినవాడు, మాకు చుట్టం కాకపోయినా అందరికీ కాకే. ఆయన బండి హ్యాండ్‌బ్రేకు పిడి లాగితే బావిలో చేద లాగినట్టు పైకి వస్తూనే ఉండేది. ఉస్తాద్ ఆ బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, పాన్ ఉమ్మి, నా వైపు చూశాడు.

"ఏం ఐటిఐ, మీ కితాబుల హ్యాండ్‌బ్రేకు గురించి రాసిన్రా?"

"రాసిన్రు ఉస్తాద్."

"అయితే నువ్వే చెయ్. పాసయితే రేపటి సంది మేస్త్రీవి. ఫెయిలయితే ఆ కితాబు పట్టుకొని ఇంటికి పో."

ఆ రెండు రోజులు నేను అన్నం తిన్నానో లేదో గుర్తులేదు. వెనక చక్రాలు విప్పాను, డ్రమ్ములు ఊడదీశాను. లోపల బ్రేకు పట్టే లైనర్లు అరిగి అరిగి పాత చెప్పు అడుగుల్లా ఉన్నాయి. కొత్తవి వేయించాను. కొత్త కేబుల్ తెప్పించి వేశాను. పిడి కింద పళ్ల చక్రం అరిగిపోతే ఆకురాయితో కూర్చుని ఒక్కో పన్నూ దిద్దాను. కేబుల్ నట్టు కొంచెం కొంచెం బిగిస్తూ, నాలుగో పంటికి బండి కదలకుండా నిలిచేలా చేశాను. టక్, టక్, టక్, టక్. ఆ చప్పుడు వినడానికి కనీసం యాభైసార్లు లాగి ఉంటాను. ఉస్తాద్ దూరం నుంచి, "అరిగిపోతదిరా, పరీక్షకు జర మిగులనియ్యి" అన్నాడు.

పరీక్షలో ఇన్‌స్పెక్టర్ బండిని ఎత్తు మీద ఆపించి హ్యాండ్‌బ్రేకు లాగమన్నాడు. లాగారు. బండి పాతిన గుంజలా నిలబడిపోయింది. ఆయన నమ్మలేదు. ఇద్దరు మనుషుల్ని పిలిచి నెట్టించాడు. కదల్లేదు. "ఇది నిజంగనే పనిచేస్తాందేందయ్యా!" అని అనుమానంగా బండి కిందికి వంగి చూశాడు. (నిజాయితీగా చేసిన పని మీదే మనవాళ్లకు అనుమానం ఎక్కువ.) కాగితం మీద సంతకం పడింది. సాయంత్రానికి నేను మేస్త్రీనవ్వాలి. కానీ ఉస్తాద్, "ఒక ట్రిప్పు తిరిగి రానీ" అన్నాడు.

ఆ ట్రిప్పే నా కొంప ముంచింది. డ్రైవర్ కాకకు ఒక అలవాటు ఉండేది. పొద్దున బండి ఎక్కగానే హ్యాండ్‌బ్రేకును రెండు పళ్లు పైకి లాగి, దానికి మధ్యాహ్నం తినే సద్దిసంచి తగిలించేవాడు. లాగకపోతే సంచి జారి కింద పడుతుంది. ఇరవై ఏళ్లుగా ఆయన దృష్టిలో అది సంచి తగిలించే కొక్కెమే. నేను ముందు రోజే హెచ్చరించాను, "కాకా, ఇగ హ్యాండ్‌బ్రేకు పనిచేస్తది, పైలం" అని. "మంచిదే బిడ్డా, చెయ్యనియ్యి" అన్నాడు, ఇంట్లో పిల్లి పిల్లలు పెట్టిందని చెబితే అన్నట్టుగా.

పొద్దున నిండా బస్తాలు వేసుకుని, రెండు పళ్లు లాగి, సంచి తగిలించి బయలుదేరాడు. సగం బ్రేకు పట్టి ఉండటంతో బండి గుంజలేదు. లోడు ఎక్కువైందనుకుని ఇంకా తొక్కాడు. ఆత్మకూరు దగ్గరికి వచ్చేసరికి వెనక చక్రాల నుంచి పొగ. రోడ్డు పక్క జనం ఉరికొచ్చి బిందెలతో నీళ్లు కుమ్మరించారు. ఎర్రగా కాలిన డ్రమ్ము మీద చన్నీళ్లు పడగానే అది ఫెళ్లున పగిలింది. మధ్యాహ్నానికి ఒక లారీ వెనక తాడుకు కట్టుకుని, ఊరంతా చూస్తుండగా బండి మా షెడ్డుకు వచ్చింది.

"బ్రేకు చెయ్యిమంటే బండిని కాలవెట్టిండు గీ పోరడు!" అని డ్రైవర్ కాక రోడ్డు మీదే మొదలుపెట్టాడు. చేతిలో సద్దిసంచి అలాగే ఉంది. నేను దాన్ని చూపించి చెప్పబోయాను. చుట్టూ మూగినవాళ్లు నన్నే చూసి నవ్వారు. సంచి తగిలిస్తే బండి కాలుతుందా అని ఒకడు అడిగితే అందరూ ఇంకా నవ్వారు. ఉస్తాద్ మాత్రం నవ్వలేదు. పగిలిన డ్రమ్ము చేతిలోకి తీసుకుని చూసి, నన్ను లోపలికి పిలిచాడు.

"పని మంచిగ చేసినవ్. నేను గూడ గింత మంచిగ చెయ్యలె," అన్నాడు మెల్లగా. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే, "గని వానిది ఇరవై ఏండ్ల అలవాటు, నీది రెండు దినాల పని. ఏది తీసేస్తవ్ చెప్పు? పో, డ్రమ్ము మార్చి కేబుల్ వదులు చెయ్" అన్నాడు.

నేను అరగంట బండి కింద వెల్లకిలా పడుకుని ఆ నట్టును చూస్తూ ఉండిపోయాను. తర్వాత విప్పాను. నా చేత్తో నేనే, చేద లాగినట్టు పైకి వచ్చేదాకా వదులు చేశాను. డ్రైవర్ కాక ఎక్కి, పిడి లాగి, సంచి తగిలించి, ఒక చుట్టు తిరిగి వచ్చి నా భుజం తట్టాడు. "ఇగో, గిట్ల చెయ్యాలె! ఇప్పుడు మేస్త్రీవైనవ్ బిడ్డా!" ఉస్తాద్ ఆ సాయంత్రమే నా చేతికి పానాల సంచి ఇచ్చాడు. అమ్మ వాడలో జిలేబీ పంచింది. పని చెడగొట్టి మేస్త్రీనైన మనిషిని నేనొక్కణ్నే కానని తర్వాత లోకం తిరిగాక తెలిసింది గానీ, అప్పుడు మాత్రం జిలేబీ తియ్యగానే ఉంది.

ఆ ముసురుకాలంలోనే ములుగులో ఒక ఎత్తు మీద బండి ఆపి, డ్రైవర్ కాక వెనక నిలబడి బస్తాలు దించుతుంటే, తడి నేల మీద రాయి జారింది. బండి ఆయన్ని దుకాణం గోడకు నొక్కేసింది. కుడి కాలు మోకాలి కింద తీసేశారు.

దవాఖానకు పోయాను. నన్ను చూడగానే కాక భార్య లేచి, "మేస్త్రీ వచ్చిండు, జర జరుగుండ్రి" అని చుట్టాల్ని పక్కకు తప్పించి స్టూలు వేసింది. నలుగురిలో నాకు దొరికిన మొదటి గౌరవం అది. కూర్చున్నాక అడిగింది, "బిడ్డా, నువ్వు పని తెలిసినోనివి. అందరు రాయే జారిందంటాండ్రు. బండిల ఏం ఖరాబు లేదు గదా?"

మంచం మీద నుంచి కాక నన్ను చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"ఏం లేదు చిన్నమ్మా. రాయే" అన్నాను.

కాక దుప్పటి సరిచేసుకున్నాడు. పోయేటప్పుడు, "చాయ్ తాగి పో బిడ్డా" అన్నాడు. తాగాను కూడా.

తర్వాత నేను సొంత షెడ్డు పెట్టుకున్నాను. హ్యాండ్‌బ్రేకు వదులు చేయమని వచ్చినవాళ్లతో తగువులాడి గిరాకీ పోగొట్టుకున్నాను. ఇప్పుడు నన్ను చూసి ముసలాయనకు చాదస్తం అంటారు, అననివ్వండి. పానాల సంచి భుజాన వేసుకుని, మూతికంటిన జిలేబీ పాకం తుడుచుకుంటూ, ఛాతీ విరుచుకుని వాడలో నడిచిన ఆ కుర్ర మేస్త్రీని తలుచుకుంటే నవ్వొస్తుంది, రెండు చెంపలూ వాయించాలనీ అనిపిస్తుంది. "విప్పను ఉస్తాద్" అని ఒక్క మాట అని ఉంటే ఏమయ్యేది వాడికి? మహా అయితే ఇంకో ఏడాది గ్యాసునూనెలో బోల్టులు కడిగేవాడు.