చాకు ఆగిన చోట

నిన్న సాయంత్రం పక్కింటి పెరట్లో ఎవరో కొబ్బరాకుల నుంచి ఈనెలు తీస్తున్నారు. చాకు ఆకును గీరుతూ పోయే ఆ సన్నని చప్పుడు వినగానే రాజోలులో మా ఎదురింటి తాతగారు గుర్తొచ్చారు. తెల్లారితే మా పాప మొదటిసారి బడి వ్యానెక్కాలి. దానికి చెప్పాల్సిన జాగ్రత్తలన్నీ మనసులో పేర్చుకుంటూ, ఒక్కర్తే ఎలా ఉంటుందోనని బెంగపడుతూ ఉన్నాను.

తాతగారు తెలుగు సినిమా ఇంకా మాటలు నేర్చుకుంటున్న రోజుల్లో మద్రాసు వెళ్ళి కథలూ సంభాషణలూ రాసిన మనిషి. నేనెరిగేనాటికే బాగా పెద్దాయన. రాసిన ప్రతి సీనూ ముందు వాళ్ళావిడ మామ్మగారికి చదివేవారట. ఆవిడ చీపురు కోసం ఈనెలు తీసుకుంటూ వినేవారు. చేతిలో చాకు ఆగితే ఆ సీను ఉంటుంది, ఆగకపోతే చించేయడమే. మద్రాసులో అద్దింటి వసారాలో కూడా ఎప్పుడూ కొబ్బరాకుల మోపు ఉండేదట.

ఒక సినిమాలో కొడుకు పడవెక్కి వెళ్ళిపోతుంటే తల్లి పేజీడు మాటలు చెప్పి ఏడవాలన్నాడు నిర్మాత. తాతగారు రాసి చదివారు. చాకు ఆగలేదు. అంతా కొట్టేసి ఒక్క మాట ఉంచారు: "తల తుడుచుకో నాయనా, రేవులో గాలేస్తుంది." చాకు ఆగింది.

"ఏడుపు రాయడం రాకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటానన్నాడమ్మా," అని నవ్వేవారు తాతగారు.

"మరి మీరేమన్నారండీ?"

"పెట్టుకోండన్నాను. ఆ సినిమా నా చేతిలోంచి పోయింది. ఆ మాట మాత్రం నా దగ్గరుండిపోయింది. తర్వాత ఇంకో సినిమాలో పెట్టేను. హాల్లో ఒక్కడు కదిలితే ఒట్టు!"

"ఆయ్, ఆ ఇంకోటి వచ్చేదాకా ఇంట్లో ఖాళీగా కూర్చున్నారు," అని అందుకునేవారు మామ్మగారు. "చీపుళ్ళు మాత్రం బోలెడు తయారయ్యేయి."

ఏడో తరగతిలో బడి వార్షికోత్సవానికి నేనో నాటిక రాశాను. అందులోనూ కూతుర్ని హాస్టలుకు పంపే తల్లి ఉంది. వాళ్ళ అరుగు మీద కూర్చుని, ఆ తల్లి చెప్పే రెండు పేజీల మాటలూ చదివాను. చాకు సాగుతూనే ఉంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"భయమేసినప్పుడు మాటలెక్కువైపోతాయమ్మా," అన్నారు తాతగారు. "భయం ఆ తల్లికా, నీకా?"

"నాకేనండి."

"అయితే నీ భయం నీ దగ్గరుంచుకో. పిల్లకి పనికొచ్చే మాట ఒక్కటిచ్చి పంపు."

ఈ ఉదయం వ్యాను వచ్చి ఆగింది. పేర్చుకున్న జాగ్రత్తలన్నీ నోటిదాకా వచ్చాయి. పాప చెయ్యి వదిలి, "వాటర్ బాటిల్ మూత గట్టిగా తిప్పుకోమ్మా, పుస్తకాలు తడిసిపోతాయి," అన్నాను.

మెట్టెక్కబోతున్నదల్లా ఆగింది. మూత బిగించి, సరిపోయిందా అన్నట్టు నావైపు చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

వ్యాను మలుపు తిరిగేదాకా నా భయం నా దగ్గరే ఉంచుకున్నాను.